"క్యూరియస్" అంటే కుతూహలమా, వింతా? ఒక్క మార్కు దగ్గర ఆగిపోయాను

విభాగం: మాటలు, అర్థాలు

చాక్‌పీసు (ప్రకాశం జిల్లా) | గురువారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఇంగ్లిషు చెప్తాను. ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. తెలుగులోకి మార్చమని ఒక సొంత వాక్యం ఇచ్చాను. క్యూరియస్ జనం ఒక క్యూరియస్ యంత్రం చుట్టూ మూగారు అని దాని సారం. కావాలనే ఆ మాట రెండుసార్లు పెట్టాను.

ఒక పిల్లాడు ఇలా రాశాడు: "కుతూహలం గల జనం కుతూహలం గల యంత్రం చుట్టూ మూగారు."

నవ్వొచ్చింది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. తర్వాత అనుమానం వచ్చింది. వాడి దగ్గరున్న గైడులో క్యూరియస్ ఎదురుగా ఉన్నది ఒక్కటే మాట, కుతూహలం. ఆ మాటకొస్తే నేను బోర్డు మీద రాసిందీ అదే. మరి తప్పు వాడిదా, నాదా?

రెండు సందేహాలు. ఒకే మాటకి ఇంత దూరం దూరం అర్థాలు ఎలా వచ్చాయి? రెండు చోట్లా సరిపోయే తెలుగు మాట ఒక్కటైనా ఉందా? సోమవారం పేపర్లు ఇచ్చెయ్యాలి.

---

బెజవాడ బుల్లోడు | గురువారం, రాత్రి 9:22

చాలా సింపుల్ మాస్టారూ. మనిషి క్యూరియస్ అయితే తెలుసుకోవాలని ఉన్నవాడు. వస్తువు క్యూరియస్ అయితే వింతగా ఉన్నది. యంత్రానికి తెలుసుకోవాలని ఉండదు కాబట్టి సున్నా ఖాయం :)

---

గోదారిగట్టు | గురువారం, రాత్రి 9:47

అంత తేలిగ్గా తెగదు తమ్ముడూ. "క్యూరియస్ ముసలాయన" అని వస్తే ఏం చేస్తావ్? అన్నీ అడిగే ముసలాయనా, వింత మనిషా? నేను ముప్పై ఏళ్ళు అనువాదాలు చేశాను, ఈ మాట దగ్గర పేజీ వెనక్కి తిప్పి చూసుకోవాల్సిందే. పక్కన "టు నో" లాంటిది ఉంటే ధైర్యంగా కుతూహలం అనొచ్చు. "ఇట్ ఈజ్ క్యూరియస్ దట్" అని మొదలైతే "వింతేమిటంటే" అనాలి. మిగతా చోట్ల మన తెలివే దిక్కు.

మొదటి అర్థానికి కూడా కుతూహలం ఒక్కటే సరిపోదు మాస్టారూ. మనకి మెట్లు చాలా ఉన్నాయి. పక్కింటికి పెద్ద పార్సిల్ వచ్చిందనుకోండి. లోపల ఏముందో అని మనసులో అనుకుంటే కుతూహలం. వాళ్ళు విప్పేదాకా గుమ్మం వదలకపోతే ఆత్రం. కొరియర్ కుర్రాణ్ణి మెట్ల దగ్గర ఆపి "ఎక్కణ్ణుంచి బాబూ?" అంటే ఆరా. మర్నాడు వాళ్ళ పనమ్మాయిని పిలిచి కాఫీ ఇస్తే కూపీ లాగడం. ఆ పార్సిల్ సంగతి వదిలేసి, అంత పెద్ద అట్టపెట్టెని జిగురు లేకుండా ఎలా మడిచారా అని చూసేవాడు ఒకడుంటాడు. వాడిది జిజ్ఞాస. ఇంగ్లిషువాడు వీళ్ళందరినీ క్యూరియస్ అనే అంటాడు.

---

బెజవాడ బుల్లోడు | గురువారం, రాత్రి 9:51

మా అపార్ట్‌మెంట్‌లో జిజ్ఞాస తప్ప అన్నీ ఉన్నాయండీ.

---

మృదుల_డాలస్ | శుక్రవారం, ఉదయం 7:05

ఆఫీసుల్లో ఈ మాటకి ఇంకో అవతారం ఉంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మా మేనేజరు మెయిల్ పెట్టారు. ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నావో తెలుసుకోవాలని క్యూరియస్‌గా ఉంది అని. అబ్బ, ఎంత ఆసక్తో అనుకుని రెండు పేజీల జవాబు రాశాను. పక్క సీటు ఆవిడ చదివి నవ్వింది. "నీ పద్ధతి ఆయనకి నచ్చలేదు, మార్చమంటున్నాడు" అని చెప్పింది. అప్పట్నుంచి ఆ మాట కనిపిస్తే చాలు, టెన్షన్.

"జస్ట్ క్యూరియస్" మాత్రం మనకీ ఉంది. "ఏం లేదు, ఊరికే అడుగుతున్నా." మా పెద్దత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఊరికే అడుగుతుంది, జీతం ఎంత పెరిగిందని. పెళ్ళయిన కొత్తలో "ఏమైనా విశేషమా?" అని ఊరికే అడిగేది. అందులో ఊరికే ఏమీ ఉండదని మనకి తెలుసు కదా.

---

పొల్లు హల్లు | శుక్రవారం, ఉదయం 10:30

మృదుల గారు "ఆసక్తి" అన్నారు కాబట్టి ఒక మాట. సంస్కృతంలో ఆసక్తి అంటే అంటుకుపోవడం, తగులం. గాంధీగారు గీతకి రాసిన అనువాదానికి అనాసక్తి యోగం అని పేరు పెట్టింది ఆ అర్థంలోనే. అక్కడ ఆసక్తి వదులుకోవాల్సిన గుణం. తెలుగులో "చదువు మీద ఆసక్తి లేదు" అని పిల్లల్ని తిడతాం. మాట ఒకటే, ఒకచోట ఉంటే తప్పు, ఇంకోచోట లేకపోతే తప్పు. క్యూరియస్ ఒక్కదాన్నే ఆడిపోసుకోవద్దు.

మాస్టారి మొదటి ప్రశ్నకి జవాబు కాస్త పెద్దది. సాయంత్రం రాస్తాను.

---

సిద్దిపేట శీను | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మీ వాక్యం చదవగానే సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం యాదికొచ్చింది. చిన్నప్పుడు మా తాత తీసుకుపోయిండు. పన్నెండు కొట్టేదాకా కదలనియ్యలేదు. గడియారం ముందు జనమంతా కింద కూర్చున్నారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు వెనక. అందరి కళ్ళూ గడియారంలో ఉన్న చిన్న తలుపు మీదే. గంట కొట్టే వేళకి గడ్డం ఉన్న బొమ్మ మనిషి బయటికొచ్చి టంగుటంగున గంట కొట్టి లోపలికి పోయిండు. పన్నెండు దెబ్బల్నీ జనం పైకే లెక్కపెట్టారు. అయిపోగానే ఒక్కసారే లేచి చెప్పుల కోసం చూసుకున్నట్టు ఎటువాళ్ళు అటు పోయారు. క్యూరియస్ జనం, క్యూరియస్ యంత్రం. అది ఇదే కదా!

మా తాత దాన్ని మ్యూజియం అనేటోడు కాదు, అజాయబ్ ఘర్ అనేటోడు. ఉర్దూలో అజీబ్ అంటే వింత, అజాయబ్ అంటే వింతలు. వింతల ఇల్లు. 1951లో దివాన్ దేవిడీలో మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగ్‌లోకి 1968లో మారింది. మూడో సాలార్‌జంగ్ ఒక్కడే పోగేసిన సామానే దాంట్లో ఎక్కువ. వింత వస్తువుని ఇంగ్లిషులో క్యూరియో అంటారు కదా, అది కూడా ఈ మాటేనా? నాకైతే గమ్మత్తు అనే మాట సరిపోతుందనిపిస్తుంది. గమ్మత్తు యంత్రం.

---

పాత పుస్తకాల పిచ్చి | శుక్రవారం, మధ్యాహ్నం 2:40

అవును శీను గారూ, క్యూరియాసిటీని కత్తిరిస్తే క్యూరియో. మద్రాసులో పుట్టి పెరిగిన మా నాన్నగారి నోట మ్యూజియం పేరు ఇంకా బాగుండేది. ఎగ్మూరు మ్యూజియం చచ్చిన కాలేజీ, జూ బతికిన కాలేజీ!

ఇంకో సంగతి, కాస్త గుసగుసగా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునే అలవాటు నాది. పాత విదేశీ పుస్తకాల కేటలాగుల్లో "క్యూరియస్" అని ముద్ర ఉంటే వింత పుస్తకం అనుకునేరు. శృంగార పుస్తకం అని మర్యాదగా చెప్పడం అది. పోస్టులో తెప్పించుకుంటే ఇంట్లో మాట పడతారు.

---

వేదిక నిర్వాహకులు | శుక్రవారం, మధ్యాహ్నం 3:02

ఆఖరి విషయం మీద వచ్చిన నాలుగు జవాబులు తీసేశాం. అసలు ప్రశ్నకి వద్దాం.

---

పొల్లు హల్లు | శుక్రవారం, సాయంత్రం 6:45

చెప్పినట్టే వచ్చాను.

లాటిన్‌లో క్యూరా అంటే శ్రద్ధ, జాగ్రత్త, చింత. దాన్నుంచి క్యూరియోసస్, అంటే శ్రద్ధ గలవాడు, పట్టించుకునేవాడు. పట్టించుకోవడం ముదిరితే ఆరా తీయడమే కదా. 4వ శతాబ్దపు రోమన్ సామ్రాజ్యంలో ప్రభుత్వ తపాలా దారుల్ని తనిఖీ చేసే అధికారులకి క్యూరియోసి అనే పేరు ఉండేది. వాళ్ళ తనిఖీలో వేగు పని కూడా కలిసి ఉండేది. గోదారిగట్టు గారి కూపీ మెట్టు వాళ్ళది.

ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. శ్రద్ధ అనే గుణం ఇక్కడ రెండు దిక్కులకి పోయింది. శ్రద్ధగా చూసే మనిషి క్యూరియస్. శ్రద్ధగా, పనితనంతో చేసిన వస్తువూ క్యూరియస్. అలాంటి వస్తువు అరుదు. అరుదైనది చూడ్డానికి వింత. అలా జరిగి జరిగి 18వ శతాబ్దం మొదలయ్యేసరికి వస్తువు వైపు అర్థంలో పనితనం వెనకబడి వింత ముందుకొచ్చింది. కాబట్టి మాస్టారూ, మీ జనమూ మీ యంత్రమూ ఒకే తల్లి పిల్లలు.

అదే క్యూరా నుంచి వచ్చిన చుట్టాలు మన ఇళ్ళల్లోనే తిరుగుతున్నారు. జబ్బు నయం చేసే క్యూర్, గోళ్ళు చూసుకునే మానిక్యూర్, శ్రద్ధ పెట్టి తప్పు లేకుండా చేసిన అక్యురేట్, చింత లేని సెక్యూర్. మ్యూజియం క్యూరేటర్, ఉప్పల్ స్టేడియంలో పిచ్ క్యూరేటర్ కూడా.

---

బెజవాడ బుల్లోడు | శుక్రవారం, సాయంత్రం 7:01

పిచ్ క్యూరేటర్! ఇన్నాళ్ళూ వాళ్ళు పిచ్‌కి వైద్యం చేస్తారనుకున్నా. అయితే కేర్ కూడా ఇందులోదేనా సార్? క్యూరియం అనే మూలకం కూడానా?

---

పొల్లు హల్లు | శుక్రవారం, సాయంత్రం 7:20

రెండూ కావు. క్యూరియం 1944లో తయారైన మూలకం, క్యూరీ దంపతుల గౌరవార్థం పెట్టిన పేరు. ఇక కేర్. శబ్దమూ దగ్గరే, అర్థమూ దగ్గరే, అయినా చుట్టరికం లేదు. అది ఇంగ్లిషువాళ్ళ పాత జర్మానిక్ మాట. ఒకే ఇంటిపేరున్న వేరే గోత్రాల వాళ్ళనుకో.

కానీ ఈ రెండూ ఒకచోట భలే తారుమారయ్యాయి. క్యూరియాసిటీ పిల్లిని చంపింది అనే సామెత విన్నావు కదా. 16వ శతాబ్దం చివర్లో అది క్యూరియాసిటీ కాదు, కేర్. అంటే దిగులు పిల్లిని చంపింది అని. చాలాకాలం తర్వాత దిగులు స్థానంలోకి ఆరా వచ్చి కూర్చుంది. పిల్లి మాత్రం రెండుసార్లూ చచ్చింది.

---

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 8:15

ఆ సామెత తెలుగు చేయమంటే నేను పిల్లిని ముట్టుకోను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని రాసి ఊరుకుంటాను.

---

వెలుగు దీపం (గుంటూరు) | శుక్రవారం, రాత్రి 9:30

పొల్లు హల్లు గారు చెప్పిన "పనితనంతో చేసిన" అనే అర్థం నాకు బైబిల్లో దొరికిందండీ. 139వ కీర్తన, 15వ వచనం. తల్లి గర్భంలో దేవుడు మనిషిని ఎలా చేశాడో చెప్పే చోటు. 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో అక్కడ "క్యూరియస్లీ" అనే మాట ఉంది. చాలా నేర్పుగా అల్లబడ్డాను అని భావం. మన తెలుగు బైబిల్లో "విచిత్రముగా నిర్మింపబడిననాడు" అని ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని వింటూ, నేనేం విచిత్రంగా ఉన్నానని అద్దంలో చూసుకునేదాన్ని.

పెద్దయ్యాక తెలుగు మేడమ్ చెప్పారు. విచిత్రం అంటే అసలు రకరకాల రంగులతో, చిత్రంలా తీర్చిదిద్దినది అని. వింత అనే అర్థం తర్వాత పైకొచ్చింది. అంటే క్యూరియస్ ఎటు నడిచిందో మన విచిత్రమూ అటే నడిచింది కదండీ?

---

పొల్లు హల్లు | శుక్రవారం, రాత్రి 9:58

అమ్మా, ఇది నాకు తట్టనే లేదు. చాలా సంతోషం.

మీరు వస్తువు వైపు చూపించారు కాబట్టి మనిషి వైపు నేను పూర్తి చేస్తాను. సంస్కృతంలో ఫలానా పని చేయాలని ఉంది అని చెప్పడానికి ధాతువుని రెట్టించి సన్ అనే ప్రత్యయం చేరుస్తారు. తాగాలని ఉంటే పిపాస. తినాలని ఉంటే బుభుక్ష. తెలుసుకోవాలని ఉంటే జిజ్ఞాస. బ్రహ్మసూత్రాలు మొదలయ్యేదే "అథాతో బ్రహ్మజిజ్ఞాస" అని. ఇక వినాలని ఉంటే? శుశ్రూష. గురువు మాట వినాలని దగ్గరే ఉండే శిష్యుడు ఆయన కాళ్ళూ పడతాడు, నీళ్ళూ తోడతాడు. వినాలనే కోరిక కాస్తా సేవ అయింది, ఇవాళ ఆసుపత్రిలో నర్సు చేసే పని అయింది. చికిత్స కూడా ఈ అచ్చులో పోసిన మాటే. దానికి ముందు "వి" పెడితే విచికిత్స, అంటే సందేహం.

లాటిన్‌వాడు శ్రద్ధ దగ్గర బయల్దేరి తెలుసుకోవడం దగ్గరికి వెళ్ళాడు. మనవాళ్ళు వినాలనే కోరిక దగ్గర బయల్దేరి సేవ దగ్గరికి వచ్చారు. దారిలో ఎదురుపడి ఉంటారు.

---

మృదుల_డాలస్ | శనివారం, ఉదయం 6:40

పొల్లు హల్లు గారూ, సంస్కృతం వరకూ ఎందుకండీ? విచారణ అంటే అడిగి తెలుసుకోవడం, విచారం అంటే దిగులు. పరామర్శ అంటే పుస్తకాల్లో పరిశీలన, మా ఊళ్ళో అయితే ఎవరైనా పోయినప్పుడు వెళ్ళి పలకరించడం. ఇవీ అటూ ఇటూ తిరిగినవే కదా.

---

పొల్లు హల్లు | శనివారం, ఉదయం 8:10

ఇవీ పుట్టుకతో సంస్కృతమే. కానీ విచారం అంటే దిగులు అనేది మాత్రం మన వాడుకే. మంచి మాట పట్టారు.

---

గోదారిగట్టు | శనివారం, ఉదయం 11:20

అచ్చ తెలుగు మాట నా దగ్గర ఒకటుంది. పొద్దున్న కాఫీ కలుపుతుంటే తట్టింది. మా అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్తూ "కాస్త పాలు కనిపెట్టి ఉండరా" అనేది. పొంగకుండా చూడమని. పురిటికొచ్చిన ఆడపిల్లని రాత్రంతా కనిపెట్టుకుని ఉండమనేది. అదే నోటితో "డబ్బా వెనక దాచిన బెల్లం ఎలా కనిపెట్టావురా?" అనేది. ఎడిసన్ బల్బు కనిపెట్టాడని బళ్ళో చెప్పారు.

కన్ను పెట్టడమే. జాగ్రత్తగా చూసుకోవడమూ అదే, కొత్త సంగతి పట్టుకోవడమూ అదే. లాటిన్‌వాడు రెండు మాటలు చేసుకున్నదాన్ని మా అమ్మ ఒక్క మాటతో కానిచ్చేసింది.

---

వెలుగు దీపం (గుంటూరు) | శనివారం, మధ్యాహ్నం 12:05

మా దగ్గర దేవుని కొరకు కనిపెట్టడం అంటే ఎదురుచూడటం కూడానండీ. ప్రార్థన కూడికని కనిపెట్టు కూడిక అంటారు.

---

సిద్దిపేట శీను | శనివారం, మధ్యాహ్నం 12:40

ఇదంతా మంచిగనే ఉంది కానీ మాస్టారి రెండో ప్రశ్న అట్లనే మిగిలింది. కనిపెట్టే జనం, కనిపెట్టే యంత్రం అంటే కుదరదు కదా. రెండు దిక్కులా సరిపోయే మాట కావాలి.

---

పాత పుస్తకాల పిచ్చి | శనివారం, సాయంత్రం 4:30

చోద్యం!

"ఇదేం చోద్యమమ్మా" అంటే వింత. "పని మానేసి చోద్యం చూస్తున్నావా" అంటే నోరు తెరుచుకుని చూస్తున్నావని తిట్టు. వింతా అదే, వింత కోసం మూగడమూ దాంతోనే. సంస్కృతంలో చోద్యం అంటే లేవనెత్తే ప్రశ్న, ఆక్షేపణ అని కూడా అర్థం ఉంది. పొల్లు హల్లు గారు తప్పయితే దిద్దాలి.

---

పొల్లు హల్లు | శనివారం, సాయంత్రం 5:15

తప్పేం లేదు. శాస్త్ర గ్రంథాల్లో పూర్వపక్షం వాడు వేసే ప్రశ్నే చోద్యం. ఒక్క చిక్కు. చోద్యం చూసేవాడు చూస్తాడు గానీ, తెలుసుకోవాలని పెద్దగా పట్టింపు ఉండదు. ప్రమాదం జరిగిన చోట ఫోన్లు పైకెత్తే జనం చోద్యం చూస్తారు, అది కుతూహలం అనలేం. అయినా యంత్రం చుట్టూ మూగిన జనానికి ఈ మాటే నప్పుతుంది.

---

చాక్‌పీసు (ప్రకాశం జిల్లా) | సోమవారం, రాత్రి 8:50

అందరికీ దండాలు. ఇవాళ పేపర్లు ఇచ్చేశాను. సున్నా కొట్టేసి అర మార్కు వేశాను. ఎందుకు వేశానో క్లాసంతటికీ చెప్పాను. క్యూరేటర్ మాట దగ్గర వెనక బెంచీలు కూడా లేచి కూర్చున్నాయి. తర్వాత బోర్డు మీద రాశాను: "చోద్యం చూడ్డానికి వచ్చిన జనం చోద్యమైన యంత్రం చుట్టూ మూగారు."

ఆ పిల్లాడు లేచి నిలబడ్డాడు. "సార్, మా అవ్వ సోద్దెం సోద్దెం అంటానే ఉంటది. పరీక్షలో రాస్తే తప్పంటారని రాయలేదు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పేపరు వెనక్కి తీసుకుని మిగతా అర మార్కు కూడా వేశాను.

---

మృదుల_డాలస్ | సోమవారం, రాత్రి 9:35

మంచి పని చేశారు మాస్టారూ. ఇంతకీ ఆ యంత్రం ఏంటండీ? గురువారం నుంచి అడుగుదామనే ఉంది. ఊరికే అడుగుతున్నా.

---

చాక్‌పీసు (ప్రకాశం జిల్లా) | సోమవారం, రాత్రి 9:41

చెరుకురసం మిషనండీ. మా బడి గేటు ముందు కొత్తగా పెట్టారు.